పన్నెండో పట్టీ

మా షాపులో ప్రపంచం మా దేశం దగ్గర మొదలవుతుంది. గొప్పకు చెప్పడం లేదు, పని పద్ధతే అది. గ్లోబు అంటే లోపల అట్టతో చేసిన బంతి, పైన అతికించిన పటం. ఆ పటం ఒక్క ముక్కగా రాదు, పన్నెండు పట్టీలుగా అచ్చవుతుంది. ఒక్కో పట్టీ మధ్యలో వెడల్పుగా, రెండు కొసల్లోనూ సూదిగా, నారింజ తొనలా ఉంటుంది. వాటిని తడిపి, జిగురు రాసి, మొదటిదానికి రెండు పక్కలా ఒక్కొక్కటే అతుక్కుంటూ బంతి అటువైపుకు పోవాలి. అందులో మొదటి పట్టీ నిండా మా దేశమే. ఆ పట్టీని మా మామయ్య తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

మామయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. తాతయ్య పెట్టిన షాపు ఆయన చేతికొచ్చింది. నాకు చదువు ఒంటబట్టడం లేదని అమ్మ ఒకరోజు నన్ను తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టింది, ఇక అక్కణ్ణించి లేవలేదు. మొదటి పట్టీ ఆయనది, చివరి పట్టీ నాది, మధ్యవి ఎవరికి తీరికుంటే వాళ్ళవి.

మొదటి పట్టీ వేసేటప్పుడు మామయ్య హడావిడి చూడాలి. రెండుసార్లు చేతులు కడుగుతాడు. రేడియో కట్టెయ్యమంటాడు. ఎవరైనా తుమ్మితే ఉరిమి చూస్తాడు. ఆ పట్టీ తాతయ్య కాలం నుంచీ విడిగా, ఖరీదైన కాగితం మీద అచ్చయి వస్తుంది, విడిగా ఒక చెక్కపెట్టెలో ఉంటుంది. మిగతా పదకొండూ పెద్ద తావుల మీద కలగాపులగంగా వస్తే నేను కత్తిరించుకుంటాను. మా దేశం పెట్టె వేరు, ప్రపంచం పెట్టె వేరు అన్నమాట.

చివరి పట్టీకి వచ్చేసరికి ఎప్పుడూ చోటు చాలదు. తడిసిన కాగితం సాగుతుంది, పదకొండూ తలా కాస్త సాగితే ఆ పాపమంతా పన్నెండోదాని నెత్తిన పడుతుంది. ఇది తాతయ్య మామయ్యకు చెప్పిన మాట, మామయ్య నాకు చెప్పిన మాట, నేను పనిలోకొచ్చిన ప్రతివాడికీ చెప్పిన మాట. అందుకని ఆ చివరి పట్టీని ఒక అంచున కత్తెరతో సన్నగా కోసి ఇరికించేదాన్ని. మాకు సరిగ్గా అటువైపున్న ఆ పట్టీలో అంతా సముద్రమే, అక్కడక్కడా ఆవగింజల్లా కొన్ని దీవులు. కోసిన అంచుతోపాటు ఒకటో రెండో దీవులు చెత్తబుట్టలోకి పోయేవి. సముద్రం కాస్త తగ్గితే ఎవడు చూడొచ్చాడు?

ఇంకో ముచ్చట కూడా ఉంది. బంతి మూసేముందు లోపల ఒక పక్కన చిన్న ఇసుక సంచి అతికిస్తాం. ఆ బరువుకి, గ్లోబును ఎటు తిప్పి వదిలినా చివరికి మా దేశమే ముందుకొచ్చి ఆగుతుంది. పిల్లలు తెగ తిప్పి, "మళ్ళీ మనమే!" అని చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఒకప్పుడు మా గ్లోబు లేని బడి లేదు. మా ఓడలు ఆగని రేవు లేదు, మావాళ్ళు దగ్గితే లోకం మొత్తం జలుబు మందు వెతుక్కునేది. ఇప్పుడు ఆర్డర్లు రావడం మానేశాయి. బంతులు చేసే అన్నదమ్ములు ఇళ్ళకు సీలింగు వేసే పనిలో చేరిపోయారు. షాపులో మామయ్యా, నేనూ, గోడలనిండా అమ్ముడుపోని ప్రపంచాలూ మిగిలాం. కొత్త పనేదీ రాకపోతే షాపు మూసేస్తానని, హాలు ఇమ్మని ఫర్నిచరువాళ్ళు అడుగుతున్నారని మామయ్య ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఆయనకు ఆ బల్ల తప్ప ఇంకో చోట కూర్చోవడం రాదు. నాకూ అంతే.

ఆ రోజుల్లో టీవీ పెడితే ఒకటే రభస. దేశం పని అయిపోయిందని ఒకడు, ఇంకో వందేళ్ళు మనకు తిరుగులేదని ఒకడు. ఒకాయన గీత కిందికి దిగిపోతున్న బొమ్మ చూపిస్తే, ఇంకొకాయన అదే దేశానికి గీత పైకి ఎగబాకుతున్న బొమ్మ చూపించేవాడు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళదే నిజమనిపించేది నాకు. ఇద్దరూ ఒకేసారి అరిస్తే తల తిరిగిపోయి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఇంట్లో మా ఆయన ఉన్నారుగా, టీవీ కట్టేసినా లాభం లేదు. ఆయన పని వీధిదీపాల మరమ్మతు. ఒక్కో సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా, "అయిపోయిందోయ్, మన దేశం పని అయిపోయింది. దీపం మాడిపోయిందంటే పక్క వీధిలోది విప్పి ఇక్కడ పెట్టమంటున్నారు. ఇంతకంటే ఏం కావాలి?" అనేవారు. వారం తిరక్కుండానే ఈల వేసుకుంటూ వచ్చేవారు.

"ఎవరన్నారు అయిపోయిందని? లారీడు కొత్త దీపాలొచ్చాయి. పాతవాటికంటే రెండింతల వెలుగు! ఒక్కసారి నడుం బిగిస్తే మనల్ని ఆపడం ఎవరి తరం?"

"మొన్న మీరే కదండీ అయిపోయిందన్నారు?"

"మొన్న దీపాల్లేవు కదా."

ఆయన లెక్కన ఆ చలికాలంలో మా దేశం చాలాసార్లు కూలి, చాలాసార్లు లేచింది. మామయ్య దగ్గర అలాంటి ఊగిసలాటలేమీ లేవు. ఆ మాట ఎత్తితే చాలు గ్లోబును ఒక్క తిప్పు తిప్పి వదిలేవాడు. అది తిరిగి తిరిగి మా దేశం దగ్గర ఆగేది. "చూశావా?" అనేవాడు. లోపల ఇసుక సంచి పెట్టింది తనేనన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తుండేది కాదేమో.

అలా ఉండగా ఒక పొద్దున దీవులావిడ వచ్చింది. మనిషి పొట్టి, గొంతు మెత్తన, చేతిలో పెద్ద గుడ్డసంచి. తమ దీవుల విద్యాశాఖ నుంచి వచ్చానని చెప్పి, సంచిలోంచి ఒక పాత గ్లోబు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీరు చేసిందేనా అండీ?"

మామయ్య దాన్ని తిప్పి వదిలాడు. రంగు వెలిసిన మా దేశం తూలుతూ ముందుకొచ్చి ఆగింది. "మాదే," అన్నాడు, మీసం మెలెయ్యడం ఒక్కటే తక్కువ.

"అయితే ఇందులో మా దీవి చూపించండి."

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని అటువైపు తిప్పాడు. అక్కడ అతుకు పొడవునా కాగితం లేచిపోయి లోపలి అట్ట కనిపిస్తోంది. "ఇక్కడే... ఈ చుట్టుపక్కలే ఉండాలి," అని గొణిగాడు.

"ఇక్కడే ఉండాలి," అంటూ ఆవిడ అట్ట మీద వేలు పెట్టింది. "మా బళ్ళో ఉన్న గ్లోబు ఇదొక్కటే. మా ఊరు అతుకు కింద ఉందేమోనని పిల్లలం గోళ్ళతో గీకేవాళ్ళం. టీచరు చూస్తే రెండు తగిలించేది. అయినా గీకేవాళ్ళం."

నా ఒళ్ళు మండింది. నా కత్తెర వాలు నాకు తెలియదా, అది నేను కోసిన అంచే. ఇంత దూరం ఓడెక్కి వచ్చి పాత సరుకు బయటపెట్టి నిలదీయాలా అనిపించింది. మరుక్షణమే ఆ చిన్న చిన్న గోళ్ళు గుర్తొచ్చి సిగ్గేసింది. కోపం ఎక్కువో సిగ్గు ఎక్కువో తేలక, ఆవిడకు టీ పోశాను.

ఆవిడ వచ్చింది పోట్లాడటానికి కాదు. దీవుల్లో ఉన్న బళ్ళన్నిటికీ కొత్త గ్లోబులు కావాలి. యంత్రాలతో గ్లోబులు చేసేవాళ్ళు పట్టీల వరస మార్చడం కుదరదన్నారు, చేత్తో చేసేవాళ్ళు మేమే మిగిలాం. షరతు ఒక్కటే: మొదటి పట్టీ తమది కావాలి. కోతా అతుకూ లేకుండా దీవులన్నీ ఉండాలి, తిప్పి వదిలితే అవే ముందుకు రావాలి.

"నా ఓడ వెళ్ళేలోగా ఒక నమూనా చేసి చూపించండి. బాగుంటే పని మీకే. లేకపోతే ఏం చెయ్యను, ఉత్త చేతులతో వెళ్ళిపోతాను," అంది.

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. మామయ్య నెమ్మదిగా, "మొదటిది వాళ్ళదైతే మనది ఎక్కడ పడుతుందే?" అన్నాడు.

"ఎక్కడేంటి, అటువైపు. చివర. పన్నెండోది."

"దానికంటే తలుపులు మూసేసుకోవడం నయం."

"మూసెయ్ మామయ్యా. మూసేసి మా ఇంటికొచ్చి కూర్చో. మా ఆయన రోజూ దీపాల లెక్క చెప్తారు, వింటూ ఉందువుగాని."

ఆ బెదిరింపు పనిచేసింది. మామయ్య లేచి చేతులు కడుక్కున్నాడు.

దీవుల పట్టీతో మొదలుపెట్టాం. ఇసుక సంచి కూడా ఆ పక్కనే అతికించాం. అక్కణ్ణించి రెండు వైపులా అతుక్కుంటూ మా దేశం వైపు వచ్చాం. పదకొండూ అయ్యాక మిగిలిన ఖాళీలో మామయ్య చెక్కపెట్టెలోంచి మా పట్టీ తీసి, తడిపి, ఆనించాడు. పట్టలేదు. నాకేం ఆశ్చర్యం కలగలేదు, పన్నెండోది ఎప్పుడు పట్టింది గనక? కత్తెర అందుకున్నాను.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?" మామయ్య ఒంటికాలి మీద లేచాడు.

"అంచు కోస్తాను. రోజూ చేసేదేగా?"

"అది సముద్రమే అమ్మాయీ. ఇది దేశం!"

ఏ అంచు కొయ్యాలో చూస్తే నాకూ చెయ్యి రాలేదు. పడమర అంచు కోస్తే రేవుపట్నం పోతుంది, మా అమ్మాయి కాపురం ఉండేది అక్కడే. తూర్పు అంచు కోస్తే మా ఆయన పుట్టిన కొండఊరు పోతుంది. సముద్రంలో కత్తెర ఆడించినంత తేలిక కాదని అర్థమైంది. మామయ్య కొయ్యకుండానే అదిమి ఇరికించబోయాడు. నడుమ ముడత లేచింది, ముడతను సాఫు చెయ్యబోతే మా రాజధాని మీదుగా చిరిగింది.

"నువ్వు మిగతావి ఎక్కువ నానబెట్టావు. అందుకే సాగాయి," అన్నాడు మామయ్య.

తప్పు నా మీదికే వస్తుందని ముందే తెలుసు. సరే అని మర్నాడు కొత్త బంతి తీసుకుని, తడి తగలనా వద్దా అన్నట్టు తగిలించి, పదకొండూ మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే ఖాళీ మిగిలింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఎక్కువ నానినా తక్కువ నానినా ఖాళీ అంతే ఉంటే ఇక సాగడమేంటి? నాకు ఏమీ తోచలేదు. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండలేక, బల్ల మీద పడున్న వేరే పట్టీ ఒకటి, ఎడారులూ మంచూ ఉన్నది, తీసి ఆ ఖాళీలో ఆనించి చూశాను. అతికినట్టు సరిపోయింది. ఇంకొకటి ఆనించాను. అదీ సరిపోయింది. ఎవరి పట్టీ పెట్టినా పట్టే చోటు అది. మాది ఒక్కటే పట్టదు.

మా పట్టీ తెచ్చి ఇంకొకదాని మీద పెట్టాను. రెండు వైపులా సన్నగా బయటికొచ్చింది. ఇన్నేళ్ళలో వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినవాళ్ళే లేరు. పెట్టెలు వేరు, చేతులు వేరు.

"మామయ్యా," అని పిలిచి చూపించాను. "మిగతావి సాగడం లేదు. మనది వెడల్పుగా ఉంది."

మామయ్య రెండూ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వెలుగులో పెట్టి చూశాడు. తిరగేసి చూశాడు. చాలాసేపటికి, "మిగతా ప్రపంచాన్ని చిన్నగా గీశారేమోనే," అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే అడుగుతున్నాడు. అప్పుడు నాకూ నవ్వు ఆగిపోయింది.

ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఇప్పటికీ తెలియదు. తాతయ్య ముచ్చటపడి కావాలని గీయించాడా? పైవాళ్ళెవరైనా వచ్చి, మన దేశం కాస్త నిండుగా కనిపించేలా చూడండి అన్నారా? అచ్చువాళ్ళ పొరపాటా? అడుగుదామంటే ఒక్కరూ లేరు. మామయ్య ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరిగాడు. అప్పటిదాకా చేసిన గ్లోబులన్నిటిలోనూ మొదటి పట్టీని అంత అందంగా వేసింది తనే. అది తప్పంటే ఆయన్ని ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలియలేదు.

సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మా ఆయన రెండు పట్టీలూ చూసి పొంగిపోయారు. "నేను చెప్పలా? దేశం తగ్గిపోతోందని?"

"తగ్గడమేంటండీ? ఎప్పుడూ ఇంతే ఉంది. బొమ్మ పెద్దదిగా గీశారు, అంతే," అన్నాను.

"ఎప్పుడూ ఇంతే ఉంటే, మరి గొప్పగా బతికిందెవరు? మా నాన్న, మీ తాత, ఆ ఓడలూ అవన్నీ?"

"అవి నిజమే కదా."

"మరి పట్టీ అబద్ధమంటావు?"

"పట్టీ... పట్టీ కూడా..." అంటూ చెప్పులేసుకున్నాను. ఇప్పుడు మేం పడిపోతున్నట్టా, ఉన్నంతలో సరిగ్గా నిలబడుతున్నట్టా అని దారంతా ఆయన తనలో తనే వాదించుకున్నారు. మా వీధిలో కొత్త దీపాలు ధగధగా వెలుగుతున్నాయి. దానితో ఆయన వాదన ఇంకా చిక్కుపడింది.

మర్నాడు షాపుకు వెళ్ళేసరికి మామయ్య అద్దపు బల్ల కింద దీపం వెలిగించుకుని కూర్చున్నాడు. పాత పట్టీ మీద పల్చటి తెల్లకాగితం పరిచి, సరైన వెడల్పుకు గీతలు గీసుకుని, మా దేశాన్ని మళ్ళీ గీస్తున్నాడు. పడుచువయసులో పటాలు గీయడం నేర్చుకున్నాడని అమ్మ చెప్పేది, నేను ఎన్నడూ చూడలేదు.

"నమూనాకి చేత్తో రంగులేస్తే చాలు. అచ్చు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు తలెత్తకుండానే. "అంచు కొయ్యొద్దు. ఒక్క ఊరు కూడా పోకూడదు. అన్నిటినీ కాస్త కాస్త జరుపుతాను."

జరపడం అంటే మాటలా? ఒక నదిని లోపలికి లాగితే దాని ఒడ్డునున్న ఊళ్ళన్నీ వెంట రావాలి. కొండలు జరిపితే రైలుదారి జరపాలి. మామయ్య గీస్తాడు, చెరుపుతాడు, మళ్ళీ గీస్తాడు. నన్ను పిలిచి, "మీ అమ్మాయి ఊరు వచ్చిందా చూడు," అంటాడు. "మీ ఆయన ఊరు ఉందిలే, కంగారు పడొద్దని చెప్పు," అంటాడు. మధ్యమధ్యలో పెన్సిలు విసిరికొట్టి, "ఎవరి దేశాన్ని ఎవరు ఇరుకు చేస్తున్నారే? నేనా ఈ పని చెయ్యాల్సింది?" అని అరుస్తాడు. నేను పెన్సిలు ఏరి ఇచ్చేదాన్ని. కాసేపటికి ఆయనే, "ఈ నది ఇంత ఒంపు తిరుగుతుందని నాకు తెలియనే తెలియదు. ఇన్ని వేలసార్లు అతికించాను, ఒక్కసారి కూడా చూడలేదు," అని సంబరపడేవాడు. ఏడుస్తున్నాడో మురిసిపోతున్నాడో నాకు అంతుపట్టలేదు. ఆయన్ని అడిగితే ఆయనకీ తెలియదనే అంటాడు.

దీవులావిడ ఓడ వెళ్ళే ముందురోజుకు కొత్త పట్టీ తయారైంది. నేను మూడో బంతి మీద పదకొండూ వేసి ఉంచాను. మామయ్య చేతులు కడుక్కొచ్చాడు, ఒకసారి కాదు, రెండుసార్లూ. పట్టీ తడిపి, జిగురు రాసి, అలవాటుగా దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. అంతే, ఆగిపోయాడు. ఆయన ఎదుట ఎప్పుడూ ఖాళీ బంతి ఉండేది. ఎక్కడ ఆనిస్తే అక్కడే మొదలు. ఇప్పుడు రెండు పక్కలా ఎవరో ఒకరున్నారు.

"చివరి పట్టీ ఎలా వెయ్యాలే?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన నన్ను పని నేర్పమని అడగడం అదే మొదటిసారి. మామూలుగా అయితే ఒక చురక అంటించేదాన్నే, ఈసారి దగ్గరికి జరిగాను.

"నడుము దగ్గర ముందు ఆనించు మామయ్యా. ఒక పక్కే చూడకు, రెండు పక్కలా చూసుకుంటూ పైకి వెళ్ళాలి. పక్కపట్టీ గీత ఎక్కడికొస్తే నీ గీత అక్కడికే రావాలి. రాకపోతే ఇంకా తడిగా ఉండగానే జరపాలి. ఆరిపోయాక ఎవరి తరమూ కాదు."

"ఎటు జరపాలి?"

"ఎటు చోటుంటే అటు."

ఆయన ఆనించాడు. నేను రెండో వైపు పట్టుకున్నాను. పైకొసకు వెళ్ళాం, కిందికొసకు వచ్చాం. పట్టింది. కత్తెర బల్ల మీదే ఉండిపోయింది. ఉత్తరాన ఒక నది మాత్రం మా వైపు నుంచి పక్కపట్టీలోకి దాటే చోట పిసరంత తప్పింది. మామయ్య దాన్ని చూశాడు, నేనూ చూశాను, అలాగే ఆరబెట్టాం.

మర్నాడు దీవులావిడ వచ్చి గ్లోబును తిప్పి వదిలింది. తిరిగి తిరిగి ఆవిడ దీవులే ముందుకొచ్చి ఆగాయి. వంగి, కళ్ళు దగ్గరగా పెట్టి, వేలికొనతో ఒక్కొక్కదాన్నే తాకుతూ ఒకచోట ఆగింది. "ఉంది," అంది. నేను మళ్ళీ టీ పోశాను, ఇంకేం చెయ్యాలో తోచక.

కళ్ళు తుడుచుకున్నాక ఆవిడ గ్లోబును ఇటువైపు తిప్పి మా దేశాన్ని చూసింది. రెండు పక్కలా సన్నగా కనిపిస్తున్న అతుకుల్ని చూసింది. "అయ్యో, మీది చివర పడిందే! పిల్లలు గీకుతారేమో," అంది నిజమైన దిగులుతో.

"ఎవరిదో ఒకరిది పడాలిగా అమ్మా," అన్నాను. మామయ్య మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

పని మాకే ఇచ్చింది. నమూనా మీ దగ్గరే ఉంచండి, అన్నీ అచ్చం ఇలాగే ఉండాలి అని చెప్పి పాత గ్లోబును సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. షాపు నిలబడింది. ఫర్నిచరువాళ్ళకు హాలు ఇవ్వక్కర్లేదు. సీలింగు పనిలో ఉన్న అన్నదమ్ములకు కబురు పెట్టాలి. నేను గంతులెయ్యాలి నిజానికి, కానీ మామయ్య మొహం చూస్తే గంతులేసే పరిస్థితి కనిపించలేదు. ఇది ఓడిపోవడమైతే ఇంత పని ఎలా వచ్చింది? గెలవడమైతే ఆ మనిషి అలా నిలబడ్డాడేం? మా ఆయన వచ్చి అడిగితే ఏం చెప్పాలా అని ఒకటే మథనపడ్డాను.

ఆవిడ వెళ్ళాక మామయ్య గ్లోబు దగ్గరికి వచ్చాడు. అలవాటు ప్రకారం ఒక్క తిప్పు తిప్పి వదిలాడు. దీవులొచ్చి ఆగాయి. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దీవులే. ఈసారి చేత్తో మెల్లగా తిప్పి మా దేశాన్ని తన ఎదుటికి తెచ్చుకుని వేలితో ఆపాడు. కళ్ళజోడు కోసం జేబు తడుముకుందామని వేలు తీసేసరికి, లోపలి ఇసుక బరువుకి గ్లోబు నెమ్మదిగా అటు తిరిగిపోయింది. మళ్ళీ తెచ్చుకున్నాడు. వేలు తీస్తే మళ్ళీ పోయింది.

"ఏమే, ఇలా రా. ఇది కాస్త పట్టుకో," అన్నాడు.

వెళ్ళి, మా దేశం ఆయన వైపు ఉండేలా రెండు చేతులతో పట్టుకున్నాను. చేతుల్లో దాని బరువు అటు లాగుతూనే ఉంది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుని, తను గీసిన నదుల్నీ ఊళ్ళనీ పక్కనున్న అతుకుల్నీ చూడటం మొదలుపెట్టాడు. నా మోచేతులు లాగేస్తున్నాయి.

"ఎలా ఉంది మామయ్యా?" అని అడిగాను.

"తెలియట్లేదే," అన్నాడు. "ఇంకాసేపు పట్టుకో."